పద్నాలుగు బొటనవేళ్లు

నవంబరు 3, సోమవారం

ఆఫీసులో మింగిన మాటలన్నీ ఇంటికొచ్చి మా ఆవిడ గౌరి మీద కక్కుతున్నానట. "నన్నెందుకు చంపుతావు? ఒక పుస్తకం కొనుక్కుని అందులో తిట్టుకో" అంది. కొనుక్కున్నాను. ఇది ఆ పుస్తకం.

మా కంపెనీ రుషికొండ మీద ఉంది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోనుకి చెప్పే యాప్ చేస్తారు. చేసే నలభై మందిలో చెరువు గట్టెక్కినవాడు ఒక్కడు లేడు. రొయ్య అంటే వాళ్లకి తెలిసింది ఇగురే. నేను పనిచేసే పత్రిక మూతపడి ఏడు నెలలు గోళ్లు గిల్లుకున్నాక జూన్‌లో ఇందులో చేరాను. నా ఉద్యోగం పేరు స్టోరీటెల్లర్. పదకొండు నాటికలు రాసి, పరిషత్తుల్లో మూడుసార్లు ఉత్తమ రచన అందుకుని, నలభై ఏడో ఏట 'మీ చెరువు ఊపిరి మీ చేతిలో' అని రాస్తే నలభై మందీ లేచి చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చాను. మధ్యాహ్నం మాత్రం ఆ మాట గోడ మీద వేసినచోట రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను.

పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడాలి. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఏం అడ్డొస్తోంది, ఈ మూడూ చెప్పాలి. "నిన్న ఆలోచించాను, ఈరోజు ఆలోచిస్తాను, అడ్డొస్తోంది ఈ నిలబడటమే" అన్నాను. నవ్వారు. తిడితే కూడా నవ్వుతారు, అదే వీళ్లతో చిక్కు. మా బాసు మోహనకృష్ణకి ఇరవై తొమ్మిదేళ్లు, అందరూ ఎంకే అంటారు. సార్ అంటే బూతు విన్నట్టు చూస్తాడు. నన్ను మాత్రం షాంక్ అంటాడు. ఉమాశంకర్‌లో ఉమను తోసేసి, శంకరుణ్ణి సగానికి విరిచాడు.

నవంబరు 7, శుక్రవారం

ఈరోజు చూసింది రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

మంగళవారం వీళ్ల సర్వర్ నాలుగు గంటలు పడుకుంది. భీమవరం వైపు ఒక రైతుకి రెండు చెరువుల్లో రొయ్యలు తేలిపోయాయి. ఈరోజు దాని మీద సమీక్ష. ఇంద్రజ అని ఒకమ్మాయి ఉంది, సర్వర్లు చూసుకుంటుంది, నవ్వదు. తెర మీద నిమిషాల వారీగా పట్టిక పెట్టింది. రెండూ పదికి ఒక మార్పు జరిగింది. రెండూ పన్నెండుకి హెచ్చరిక ఆగింది. ఇలా గంటన్నర. ఎవరు చేశారు అని నేనడిగాను. గది గదంతా నా వైపు తిరిగింది.

"షాంక్, ఇక్కడ ఎవరి పేరూ రాయం" అన్నాడు ఎంకే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "పేరు రాస్తే అందరూ దాచుకుంటారు. పేరు లేకపోతే నిజం బయటికొస్తుంది."

తర్వాత కేకు కోశారు. తప్పు జరిగిన ప్రతిసారీ కోస్తారట, భయం పోవడానికి. ఆ రైతుకి ఎవరైనా ఫోన్ చేసి క్షమించమన్నారా అని అడిగాను. కస్టమర్ టీమ్ మెయిల్ పంపిందట. మెయిల్. రైతు చెరువు గట్టు మీద కూలబడి ఉంటే వీళ్లు చాక్లెట్ కేకు నాకుతున్నారు. నాటకంలో లైటు ఒక్క క్షణం ఆలస్యమైతే తెర వెనక నేను పేరు పెట్టి తిట్టేవాణ్ణి. తిట్టించుకున్నవాడు మళ్లీ జన్మలో ఆ తప్పు చేసేవాడు కాదు. పని అంటే అది.

కేకు బాగానే ఉంది.

నవంబరు 10, సోమవారం

పరిషత్తు నుంచి ఉత్తరం వచ్చింది. 'కొలిమి పక్క కుర్చీ' ఎంపికైంది. ఇరవై ఎనిమిదిన సాయంత్రం ఆరింటికి మా ప్రదర్శన. ఆరేళ్ల తర్వాత నా నాటిక స్టేజీ ఎక్కుతోంది. గౌరికి చూపిస్తే ఉత్తరం తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టింది.

ఇప్పుడు నటులేరీ? ఉక్కునగరంలో మా పాత బృందంలో ఇద్దరికి మోకాళ్లు పోయాయి, ఒకాయన హైదరాబాదులో మనవణ్ణి ఎత్తుకు తిరుగుతున్నాడు, ఒకాయన లేడు. ఉన్నది ఒక్క తవిటయ్య. మాకు ఇరవై రెండేళ్లుగా లైట్లు వేసేది వాడే. ఊరు పద్మనాభం, రెండెకరాల వరి. నాటకం ఉందంటే బస్సెక్కి వచ్చేస్తాడు. ఫోన్ చేశాను.

"ఎన్ని లైట్లు బావ?" అన్నాడు. నాటకం పేరు కూడా అడగలేదు.

నవంబరు 12, బుధవారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నా నాటికలో వీళ్లు వేషాలు వేస్తున్నారు.

ఉత్తరం సంగతి ఎంకేకి ఎలాగో తెలిసిపోయింది. క్యాంటీన్‌లో రిహార్సల్ చేసుకోండి, మనవాళ్లే వేస్తారు, కల్చర్‌కి మంచిది అన్నాడు. కల్చర్ అంటే వీళ్లకి పెరుగు తోడు లాంటిది, శుక్రవారం ఒక చెంచా వేస్తే సోమవారానికి గట్టిపడుతుంది. వద్దందామనుకున్నాను. నాకు వేరే దిక్కు లేదు.

కొలిమి దగ్గర ముప్పై ఐదేళ్లు పనిచేసి రిటైరవుతున్న ముసలాయన వేషం గుణశేఖర్‌కి ఇచ్చాను. కోడు రాస్తాడు, ముప్పై ఒకటి, జన్మలో ఇనుము ముట్టుకోలేదు. "ఈ క్యారెక్టర్ మోటివేషన్ ఏంటి షాంక్?" అన్నాడు. ఆకలి అన్నాను. రాసుకున్నాడు.

ఇంద్రజ స్టేజి మేనేజర్. అడగకుండానే వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. నాతో కలిపి పదిహేను మంది. "లైట్స్ ఆయన్ని కూడా యాడ్ చేస్తాను, నంబరివ్వండి" అంది.

"ఆయన దగ్గర బటన్ల ఫోనమ్మా. ఆయనకి నేను నోటితో చెప్తాను. ఇరవై రెండేళ్లుగా నోటితోనే. మాకు గ్రూపులక్కర్లేదు" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. ఆమె అది కూడా ఎక్కడో టైపు చేసుకుంది.

నవంబరు 15, శనివారం

తవిటయ్య వచ్చాడు. గాజు తలుపు తీయడం తెలియక బయట పది నిమిషాలు నిలబడ్డాడట. లోపలికొచ్చాక క్యాంటీన్ పైకప్పు చూసి, "ఇన్ని లైట్లెట్టి ఒక్క నీడ కూడా నేదేటి బావ ఇక్కడ" అన్నాడు. ఈ కొండ మీద నేను విన్న మొదటి తెలివైన మాట.

వాడి ముందు వీళ్లు కాఫీ యంత్రం పెట్టి, గింజ ఏ దేశానిదో చెప్పారు. తాగి, "పంచదార మర్సిపోనారు" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. వాళ్లూ నవ్వి పంచదార తెచ్చిచ్చారు.

రిహార్సల్ మొత్తం చూసి చివర్లో అడిగాడు. ముసలాయన "ఇంక నన్నెవరూ పిలవరు" అంటాడు, సైరన్ మోగుతుంది, చీకటి. "సైరన్ మొదట్లోనా, ఆగినాకనా?" ఆగాక అన్నాను. వేళ్లతో గాల్లోనే ఒకసారి నొక్కి చూసుకున్నాడు. అంతే, వాడికి అది రాయక్కర్లేదు.

పదకొండేళ్ల క్రితం ఒక ప్రదర్శనలో తాగొచ్చి, లైట్లు నడిపే డిమ్మర్ బోర్డు మీదే పడుకున్నాడు. మర్నాడు నా చేతిలో చెయ్యి వేసి మానేస్తానన్నాడు. మానేశాడు. వాడి గురించి ఇంకేం చెప్పాలి.

నవంబరు 19, బుధవారం

గుణశేఖర్ ఏడ్చాడు. నటన కాదు. కుర్చీ సీను చేస్తూ నిజంగానే ఏడ్చాడు. వాళ్ల నాన్న ఎక్కడో నూలు మిల్లులో చేసేవాడట. ముందే చెప్పొచ్చుగా వెధవ.

నవంబరు 22, శనివారం

ఆ గ్రూపు అనుకున్నంత పనికిమాలింది కాదు. కాలు కదపకుండా పనులైపోతున్నాయి. దుస్తుల ఫొటో పెడితే పద్నాలుగు మందీ బొటనవేలు ఎత్తుతారు. ఎత్తనివాణ్ణి ఇంద్రజ వెంటాడుతుంది. పాతరోజుల్లో అయిదుగురు నటుల్ని ఒకచోట చేర్చడానికి స్కూటర్ మీద కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా ఊరంతా తిరిగేవాణ్ణి.

ఎంకే ఒక స్టిక్కర్ కూడా చేయించాడు, నా మొహంతో. కోతిలా ఉన్నాను. రోజుకి మూడుసార్లు వాడుతున్నాను.

గౌరి అంది, "ఈమధ్య పుస్తకంలో తిట్లు తగ్గాయా? ఫోను చూసి నవ్వుకుంటున్నావు." తగ్గలేదు అన్నాను.

నవంబరు 28, శుక్రవారం. ఉదయం, ఆఫీసులో

బస్సులో మద్దిలపాలెం దగ్గర తట్టింది. సైరన్ ఆగగానే చీకటి పెట్టేస్తే అది ఎవరైనా రాసే ముగింపు. సైరన్ ఆగాక కూడా వెలుతురు ఉండాలి. ముసలాయన చచ్చిపోయిన స్నేహితుడి కుర్చీ వైపు చాలాసేపు చూడాలి. ఆ తర్వాత ఒకే మాట: "సరే, కూర్చుంటాను." అప్పుడు చీకటి.

11.20కి గ్రూపులో పెట్టాను. ఆరు నిమిషాల్లో పద్నాలుగు బొటనవేళ్లూ లేచాయి. గుణశేఖర్ దండం బొమ్మ పెట్టాడు. అందరికీ అందిపోయింది. మనసు తేలికైంది.

రెండింటికి హాలుకి వెళ్లాలి. తవిటయ్య అప్పటికే వచ్చి స్పాట్ లైట్లు కడుతుంటాడు.

అదేరోజు. ఇల్లు

చీకట్లో కలిసిపోయింది. ఆరేళ్ల తర్వాత వచ్చిన ఒక్క ముగింపూ చీకట్లో కలిసిపోయింది.

సైరన్ ఆగింది, టక్కున లైటు ఆరింది. చీకట్లో గుణశేఖర్ కంగారుపడి ఆగి, ఆ తర్వాత మాట చెప్పాడు. "సరే, కూర్చుంటాను." కుర్చీ కిర్రుమంది. మొహం ఎవరికీ కనపడలేదు. తెర వెనక తవిటయ్యని నాలుగు మాటలన్నాను. పిల్లలందరూ అక్కడే ఉన్నారు. వాడు వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు.

నవంబరు 29, శనివారం

ఎవరైనా తిడతారు. దర్శకుడన్నాక తిడతాడు. వాడికి ఇది కొత్తా? ఇరవై రెండేళ్లలో వందసార్లు తిట్టాను. సాయంత్రానికి వాడే ఫోన్ చేస్తాడు.

చేయలేదు. రేపు చేస్తాడు.

నవంబరు 30, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. బహుమతి ప్రదానం జరిగింది. ఉత్తమ రచన మాకు రాలేదు. ప్రదర్శనకి రాలేదు. ఉత్తమ లైటింగ్ వచ్చింది.

న్యాయనిర్ణేత అచ్యుతరామయ్య గారు, పెద్దాయన, మైకులో అయిదు నిమిషాలు మా ముగింపు గురించే మాట్లాడారు. "చివరి మాటను వెలుగులో చెప్పించడం ఎవరైనా చేస్తారు. చీకట్లో వినిపించి, కుర్చీ చప్పుడుతో ఆపడం దర్శకుడి సాహసం. ఆ చీకటిలో ప్రతివాడికీ తన సొంత మనిషి కనపడ్డాడు." తర్వాత తవిటయ్య పేరు పిలిచారు. వాడు లేడు. నన్ను పైకి రమ్మన్నారు.

ఆ చీకటి ఎలా వచ్చిందండీ అని అడిగారు. హాలంతా చూస్తోంది. స్టేజీ మీద నిలబడి మా వాడు పొరపాటు చేశాడని చెప్పమంటారా? పరువు తక్కువ కాదూ? "చాలా ఆలోచించి చేసిందండీ" అన్నాను. చప్పట్లు కొట్టారు. జ్ఞాపిక ఇచ్చారు. అంతే జరిగింది.

ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టాను. గౌరి చూసి, "దాని మీద తవిటయ్య అన్నయ్య పేరుంది కదా. ఇక్కడెందుకు?" అంది. ఇస్తాలే అన్నాను. "అన్నయ్య బహుమతికి కూడా రాలేదేం?" కోతలట అన్నాను.

కోతలే అయ్యుంటాయి.

డిసెంబరు 1, సోమవారం

గోడ మీద నా ఫొటో, జ్ఞాపిక పట్టుకుని. ఎంకే "వాట్ ఎ రిస్క్, షాంక్" అని కౌగిలించుకున్నాడు. మొన్న ఏం జరిగిందో వీడికీ తెలుసు, తెర వెనకే ఉన్నాడు. వీళ్లకి బహుమతి వస్తే జరిగిందంతా ప్లానే. పన్నెండున కంపెనీ వార్షికోత్సవంలో మళ్లీ వేయాలట.

ఇంద్రజ ఒక్కతే నవ్వలేదు. బుధవారం సమీక్ష పెడదామంది.

"దేనికి? ప్రైజొచ్చింది కదా" అన్నాను.

"ప్రైజొచ్చినా లైటు అనుకోకుండా ఆరింది కదండీ. ఎందుకు ఆరిందో తెలియకుండా పన్నెండున మళ్లీ ఎలా వేస్తాం?"

ఎందుకు ఆరుతుంది, ఆర్పితే ఆరింది. మనసులో అనుకున్నాను. వీళ్లు పెళ్లిలో అక్షింతలకి కూడా సమీక్ష పెడతారు.

తవిటయ్య ఇంకా ఫోన్ చేయలేదు. పొగరు.

డిసెంబరు 3, బుధవారం

నెమ్మదిగా రాయాలి.

అదే గది, అదే తెర, అదే పట్టిక. ఇంద్రజ ఒక్కో వరుసా చదివింది. గొంతులో ఏ తేడా లేదు.

11.20. ముగింపులో మార్పు గ్రూపులోకి వచ్చింది. 11.26. పద్నాలుగు ఆమోదాలు. 6.41. సైరన్ ఆగింది, పాత ప్రతి ప్రకారం లైట్లు సరిగ్గా ఆరాయి.

సరిగ్గా. ఆ మాట తెర మీద ఉంది.

తర్వాతి వరుస: లైట్లకి మార్పు చేరిన సమయం. దాని ఎదురుగా ఖాళీ. దాని కింద: లైట్లకి మార్పులు చేరే దారి, నోటితో, నవంబరు 12న అనుకున్నది. ఎవరి నోటితో అన్న గడి లేదు. వీళ్లు పేర్లు రాయరు. నేను ఆ గడి కోసం తెరంతా వెతికాను. పద్నాలుగు మందిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. అందరూ మర్యాదగా తమ ల్యాప్‌టాప్‌లలోకి చూసుకుంటున్నారు. పేరు రాసుంటే ఎదురు తిరిగి ఉండేవాణ్ణి. నాకు వాదించడం బాగా వచ్చు. ఖాళీ గడితో ఏం వాదిస్తాను?

ఆరోజు రెండింటి నుంచి ఆరింటిదాకా వాడి పక్కనే ఉన్నాను. ఇద్దరం ఒకే క్యారేజీలో తిన్నాం. వాడి భార్య చిట్టెమ్మ పెట్టిచ్చిన మెట్ట వంకాయ కూర. ఇనప నిచ్చెన పట్టుకున్నాను, వాడెక్కాడు. నాలుగు గంటలు. ఒక్క మాట చెప్పలేదు. దాచి కాదు. నా మనసులో ఆ మాట అప్పటికే అందరికీ చేరిపోయింది. పద్నాలుగు వేళ్లు లెక్కపెట్టుకున్నాను కదా.

ఇన్నాళ్లూ వీళ్లని చూసి, రైతు మొహం చూడకుండా తెర చూసి తృప్తిపడే జాతి అని తిట్టుకున్నాను. ఈ పుస్తకంలోనే తిట్టుకున్నాను.

కేకు తెచ్చారు. పైన 'లైట్స్' అని క్రీముతో రాయించారు. గుణశేఖర్ నా చేతిలో ముక్క పెట్టాడు. తిన్నాను. మట్టిలా ఉంది.

డిసెంబరు 4, గురువారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. అయిదుసార్లు.

డిసెంబరు 6, శనివారం

పద్మనాభం వెళ్లొచ్చాను. జ్ఞాపిక సంచిలో పెట్టుకుని.

తవిటయ్య కళ్లంలో ఉన్నాడట. ఇంటి దగ్గర చిట్టెమ్మ ఉంది. ఎప్పుడూ 'రా అన్నయ్య' అని ఎదురొచ్చే మనిషి, చెంబు నీళ్లు అరుగు మీద పెట్టి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. ఆరోజు ఆటకాడ ఏటయినాది? ఆయన నోరిప్పడు. ఇంటికొచ్చిన కాణ్ణించి అరిసేతిలోకి ఊపిరొగ్గి వాసన సూసుకుంతన్నాడు. నాను సూడనప్పుడు సూసుకుంతన్నాడు. పదకొండేళ్లయినాది మానేసి. నానేటైనా అనుమానించినానని అనుకుంతన్నాడేటి?"

అందుకున్న చెంబు మళ్లీ అరుగు మీద పెట్టేశాను. ఇప్పుడు రాయాలి, ఇంక దాటేయడానికి లేదు. 'నాలుగు మాటలన్నాను' అని రాశాను కదా, అబద్ధం. నేనన్నది నాలుగు మాటలు కాదు. పద్నాలుగు మంది పిల్లల ముందు వాడి చొక్కా పట్టుకుని, "మళ్లీ మొదలెట్టావా తాగుడు? ఏదీ, ఊపిరి వదులు" అన్నాను. ట్రాఫిక్ పోలీసు లారీ డ్రైవర్ని అడిగినట్టు. వాడు నా మొహంలోకి చూసి వదిలాడు. ఏ వాసనా లేదు. వాసన లేదని తెలిశాక కూడా చొక్కా వదలలేదు.

చిట్టెమ్మకి ఇదంతా చెప్పాను. వింది. "ఓలమ్మ" అంది, మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లిపోయింది.

కళ్లం దగ్గర తవిటయ్య ధాన్యం తూర్పార పడుతున్నాడు. నన్ను చూసి చేట ఆపలేదు.

"నువ్వా. కూకో, దుమ్ము."

నిలబడే చెప్పాను. ముగింపు మార్చింది నేను, నీకు చెప్పంది నేను, నువ్వు సరిగ్గానే ఆర్పావు, తప్పంతా నాది అన్నాను. జ్ఞాపిక తీసి చూపించాను. తుండుతో చేతులు తుడుచుకుని తీసుకుని, పేరు కూడబలుక్కుని చదివాడు.

"ఏటిది?"

"లైటింగ్‌కి ఫస్టు. చివర చీకటి బాగుందన్నారు."

"ఏ సీకటికి తిట్టినావో, ఆ సీకటికేనా?"

"దానికే. పైగా అది ఆలోచించి చేసిందని మైకులో చెప్పాను. నా ఆలోచనే అన్నట్టు."

అది వాడికి తెలియదు, చెప్పకపోయినా తెలిసేది కాదు. చెప్పేశాను. వాడు దాని మీద పడ్డ దుమ్ము తుండుతో తుడిచాడు. తర్వాత జ్ఞాపిక నా సంచిలో తనే పెట్టేశాడు.

"ఒట్టుకెళ్లిపో బావ. నాను తప్పు సేసినానని ఆ పిల్లలందరి ముందరా సెప్పినావు. సేయనేదని కళ్లంలో సెప్తన్నావు. ఇక్కడెవులున్నారు, పిచ్చికలు తప్ప? నువ్వు తిడతావు, నాకు తెల్దా. ఒట్టి తిట్టయితే ఆరోజే మర్సిపోదును." మళ్లీ చేట అందుకున్నాడు. "నీ సేతిలో సెయ్యేసినాను బావ నాను."

నాకు ఏడుపొచ్చింది. వాడు చూడకూడదని అటు తిరిగాను. పన్నెండున వార్షికోత్సవానికి రమ్మని, లైట్లకి కాకపోయినా రమ్మని అడిగాను. కోతలున్నాయన్నాడు.

డిసెంబరు 8, సోమవారం

ఎంకేకి చెప్పాను, పన్నెండున నాటిక ముందు రెండు నిమిషాలు మాట్లాడతానని. ఏం మాట్లాడతావన్నాడు. చెప్పాను.

"షాంక్, అది మన పద్ధతి కాదు. రివ్యూ అయిపోయింది, క్లోజ్ చేశాం. పేర్లతో చెప్తే వైబ్ మొత్తం పోతుంది. అంతగా ఉంటే ఆయనకి మంచి మెయిల్ డ్రాఫ్ట్ చెయ్, కంపెనీ తరఫున పంపిద్దాం."

"ఆయన దగ్గర బటన్ల ఫోను" అన్నాను.

ఇంద్రజ తలెత్తకుండా, "రెండు నిమిషాలు షెడ్యూల్‌లో పెట్టాను" అంది.

డిసెంబరు 11, గురువారం

రాడు. లైట్లకి టెంట్‌హౌస్ మనిషిని మాట్లాడారు.

డిసెంబరు 12, శుక్రవారం

వచ్చాడు.

మూడింటికి గాజు తలుపు బయట నిలబడి ఉన్నాడు, ఉతికిన తెల్లచొక్కాలో. పక్కన చిట్టెమ్మ. గుణశేఖర్ పరుగెత్తి తలుపు తీశాడు. టెంట్‌హౌస్ మనిషి డిమ్మర్ బోర్డు దగ్గర్నించి మాట్లాడకుండా లేచాడు. తవిటయ్య కూర్చోలేదు. పక్కన నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

క్యాంటీన్ నిండిపోయింది. వాళ్ల పద్ధతిలో ఎంకే మైకులో ఎవరో తెలియని 'టీమ్'కి ధన్యవాదాలు చెప్పాడు. తర్వాత నేను లేచాను. పేపరు మీద రాసుకున్నాను, రాసింది చదవలేదు.

"నా పేరు ఉమాశంకర్. షాంక్ కాదు. ఇరవై ఎనిమిదో తేదీన ముగింపు మార్చింది నేను. లైట్లకి నోటితో చెప్తానని మాటిచ్చింది నేను. చెప్పంది నేను. అక్కడ నిలబడ్డాయన పేరు తవిటయ్య. ఆయన సైరన్ ఆగాక ఆర్పమంటే సైరన్ ఆగాక ఆర్పాడు. ఆయన్ని మీ అందరి ముందు తాగావా, ఊపిరి వదులు అన్నాను. పదకొండేళ్లుగా ఆయన చుక్క ముట్టుకోలేదు, అది అందరికన్నా నాకే బాగా తెలుసు. తర్వాత ఆ చీకటికి బహుమతి ఇస్తే అది నా ఆలోచన అన్నాను. అదీ అబద్ధం."

ఎంకే లేచి, "ఇట్స్ ఓకే షాంక్, ఇక్కడ మనం పేర్లు—" అన్నాడు. ఇంద్రజ అతని మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంకా ఏదో చెప్పాలి. క్షమించు అనాలి. ముప్పై ఏళ్లుగా ఇంకొకరి నోట్లో మాటలు పెట్టిన నాకు అప్పుడు ఒక్క మాట దొరకలేదు. జ్ఞాపిక పట్టుకుని మైకు దగ్గరే నిలబడిపోయాను.

వెనక నుంచి తవిటయ్య గొంతు వచ్చింది. మామూలు గొంతు, మైకు లేకుండా క్యాంటీన్ మొత్తానికీ వినపడింది.

"సర్లే బావ. మరి సివర్న ఏటి సెయ్యమంతావు? ఆర్పాలా, ఉంచాలా? ఇటొచ్చి నోటితో సెప్పు."

అందరూ దారిచ్చారు. కుర్చీల మధ్య నుంచి ఆ చివరిదాకా నడిచి, వాడి దగ్గరికెళ్లి, చెప్పాను.